బండ్ల బాట డిక్రీ కోసం కోర్టు రికార్డుల్లో నా వెతుకులాట

"బాట గురించి ఎవరితోనూ వాదులాడకండి. మనం కోర్టులో గెలిచాం. కాగితం కోర్టులో ఉంది." ఈ మాటలు మా నాన్న ఎన్నిసార్లు అన్నాడో లెక్కలేదు. నాన్న పోయి పదకొండేళ్ళయింది. ఆ కాగితాన్ని ఇంట్లో ఎవరమూ చూడలేదు. చూడాల్సిన అవసరం 2025 వేసవిలో వచ్చింది.

నల్లగొండ నుంచి దేవరకొండ వెళ్ళే దారిలో, కనగల్ దాటాక, మాకు మూడెకరాల బత్తాయి తోట ఉంది. డాంబరు రోడ్డు నుంచి తోటలోకి వెళ్ళాలంటే మా పెద్దనాన్న వాటాకు వచ్చిన పొలం గట్టు వెంటే వెళ్ళాలి. ఒకప్పుడు ఎడ్లబండ్లు నడిచిన బాట అది. ఇప్పుడు కాయ కోసిన రోజున లారీ రావాలన్నా అదే దిక్కు. పెద్దనాన్న కొడుకు, అంటే మా అన్న, ఆ పొలాన్ని అమ్మకానికి పెట్టాడు. కొనడానికి వచ్చినవాళ్ళు చుట్టూ రాతి కడీలు పాతి తీగ లాగుతామన్నారు. బాట మాటెత్తితే "పాసుపుస్తకంలో చూపించండి" అన్నారు. పాసుపుస్తకంలో సర్వే నంబరు ఉంటుంది, విస్తీర్ణం ఉంటుంది. ఎవరి చేను మీదుగా ఎవరి బండి నడవాలో అందులో రాయరు.

అన్న దగ్గరకు వెళ్లి అడిగాను. "చిన్నాన్న గెలవడం ఏమిటమ్మా? మా నాన్నే పోనీలే అని వదిలాడు. ఆ దావా ఎప్పుడో అయిపోయింది" అన్నాడు. ఆ మాట అమ్మకు చెబితే ఆ పూట అన్నం ముట్టలేదు. ఒకే దావా గురించి రెండిళ్ళలో రెండు కథలు నలభై ఏళ్ళుగా నడుస్తున్నాయని నాకు అప్పుడే తెలిసింది. నేను బడిలో సాంఘిక శాస్త్రం చెబుతాను. ఏ సంగతికైనా ఆధారం ఏదని పిల్లల్ని అడుగుతుంటాను. మా ఇంటి సంగతికి మాత్రం ఆధారం చూడకుండానే ఇన్నేళ్ళూ నాన్న మాటను నమ్ముతూ వచ్చాను. గొడవ పెట్టుకునే ముందు ఆ కాగితాన్ని కళ్ళతో చూడాలని ఆ రాత్రే నిశ్చయించుకున్నాను.

మొదట ఫోనులో వెతికాను. జిల్లా కోర్టుల కేసులను చూడడానికి ఈ-కోర్ట్స్ యాప్, వెబ్‌సైటు ఉన్నాయి. రుసుము లేదు, వకీలు కానక్కరలేదు, ఎవరైనా చూడవచ్చు. ప్రతి కేసుకూ సీఎన్‌ఆర్ అనే పదహారు అక్షరాలు, అంకెల గుర్తు ఉంటుంది. అది తెలిస్తే వెతకడం ఒక్క నిమిషం పని. తెలియకపోతే కేసు నంబరుతోనో, కక్షిదారు పేరుతోనో, వకీలు పేరుతోనో వెతకాలి. పేరుతో వెతికేటప్పుడు సంవత్సరం కూడా ఇవ్వాలి. విచారణలో ఉన్న కేసులా, ముగిసినవా అన్నది కూడా ఎంచుకోవాలి. నా దగ్గర పేర్లు తప్ప మరేమీ లేవు. ఆ పేర్లతోనూ చిక్కే. మా నాన్న పేరు 'అయ్య'తో ముగుస్తుంది. ఇంగ్లీషులో కొందరు దాన్ని ఐ, ఏ, హెచ్ అని ముగిస్తారు, మరికొందరు వై, వై, ఏ అని. ఇంటిపేరు ముందు రాసేవాళ్ళున్నారు, ఒక్క పొడి అక్షరంతో సరిపెట్టేవాళ్ళున్నారు. 1980 నుంచి 1990 దాకా ఒక్కో సంవత్సరం, ఒక్కో వర్ణక్రమం మార్చి చూస్తూ రెండు రాత్రులు కూర్చున్నాను. ప్రతిసారీ తెర మీద వంకర అక్షరాలు చూసి కొట్టాలి. ప్రతిసారీ రికార్డు లేదన్న జవాబే వచ్చింది.

అప్పటికి నాకు తెలియని సంగతి ఒకటుంది. ఈ-కోర్టుల పథకం అమలు మొదలైందే 2007లో. అంతకు ఇరవై ఏళ్ళ ముందు ముగిసిపోయిన దావా అందులో కనబడకపోవడంలో వింత లేదు. ఫోనులో లేదు కాబట్టి కోర్టులోనూ లేదని అనుకుని ఆగిపోయేవాళ్ళు ఎంతమంది ఉంటారో అని ఇప్పటికీ నాకు బాధగా ఉంటుంది. నేనూ ఒక వారం అలాగే ఆగిపోయాను. ఆ రెండు రాత్రుల్లో ఒక మేలు మాత్రం జరిగింది. అదే వెబ్‌సైటులో కేవియట్లను, అంటే తమ మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వవద్దని ముందే కోర్టులో పెట్టే అర్జీలను కూడా వెతకవచ్చు. మా మీద ఎవరూ కొత్త దావా వేయలేదనీ, కేవియట్ కూడా పెట్టలేదనీ తెలిసి కాస్త ఊపిరి పీల్చుకున్నాను.

తర్వాత అమ్మ ఇనప పెట్టె దింపాను. శిస్తు రసీదులు, పహాణీ నకళ్ళు, మోటారు కరెంటు బిల్లులు, మా అక్క పెళ్ళి శుభలేఖ, నాన్న కళ్ళజోడు డబ్బా. అమ్మ పక్కనే కూర్చుని ఒక్కో కాగితం విప్పి నా చేతికిచ్చింది. అమ్మకు చదువు రాదు. కానీ కాగితం రంగును బట్టి, మడతను బట్టి ఇది సొసైటీది, ఇది బ్యాంకుది అని చెప్పగలదు. పెట్టె అడుగున పరిచిన పాత వార్తాపత్రిక కింద నాలుగు మడతల పసుపు కాగితం ఒకటి దొరికింది. దాన్ని చూడగానే "కోర్టు వకీలు పొలం చూడ్డానికి వచ్చిన నాటిది" అంది అమ్మ. నిజమే. అది అడ్వొకేట్ కమిషనర్ పంపిన నోటీసు. పొలంలో ఉన్న స్థితిని చూసి రమ్మని కోర్టు ఒక వకీలును కమిషనర్‌గా నియమిస్తుంది. ఆయన ఫలానా రోజు వస్తాను, ఇరుపక్షాలూ ఉండండి అని ముందుగా తెలియజేస్తాడు. నోటీసు పైన ఐ.ఏ. నంబరు, దాని కింద ఓ.ఎస్. నంబరు టైపు చేసి ఉన్నాయి. ఐ.ఏ. అంటే దావా నడుస్తుండగా వేసే మధ్యంతర దరఖాస్తు, ఓ.ఎస్. అంటే అసలు దావా. మాకు కావలసింది ఆ రెండోదే. దాని మొదటి అంకె 1, చివరి అంకె 7, సంవత్సరం 1984. మధ్య అంకె ఉన్నచోట మడత మీద పురుగు తిన్న చిల్లు ఉంది.

ఆ చిల్లును చూసి నేను ఉసూరుమన్నాను గానీ, నిజానికి పని ముప్పాతిక అయిపోయింది. సంవత్సరం తెలిసింది, కోర్టు పేరు తెలిసింది, మిగిలింది పది నంబర్లలో ఒకటి. 1984 అన్న అంకె చూసి మరో సంగతి కూడా అర్థమైంది. పటేల్ పట్వారీ వ్యవస్థ రద్దయింది ఆ ఏడాదే. అప్పటిదాకా ఊళ్ళో ఏ గట్టు ఎవరిది, ఏ బాట ఎవరిది అంటే పట్వారీని అడిగేవారు. ఆయన మాట చెల్లకుండా పోయిన ఏడాదిలోనే అన్నదమ్ములిద్దరూ కోర్టు మెట్లెక్కారు. రెండింటికీ సంబంధం ఉందని నేను రుజువు చేయలేను. కానీ అమ్మ మాత్రం "పట్వారీ ఉంటే ఊళ్ళోనే తెగేది" అంది.

నోటీసులో 'డిస్ట్రిక్ట్ మున్సిఫ్ కోర్టు' అని ఉంది. ఆ పేరుతో ఇప్పుడు కోర్టు లేదు. మున్సిఫ్ కోర్టులే తర్వాత జూనియర్ సివిల్ జడ్జి కోర్టులయ్యాయి, సబ్ కోర్టులు సీనియర్ సివిల్ జడ్జి కోర్టులయ్యాయి. మా ఊరి చిరునామాలో కూడా మండలం లేదు, 'నల్లగొండ తాలూకా' అని ఉంది. మండలాలు వచ్చింది 1985లో కదా. 2016లో ఉమ్మడి జిల్లా నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలుగా విడిపోయింది. 2022 జూన్ 2న రాష్ట్రంలో న్యాయ జిల్లాలను కూడా కొత్తగా విడదీశారు. అందుకని పాత కాగితం వెతికేవాళ్ళు ముందు తమ ఊరు అప్పట్లో ఏ కోర్టు కిందకు వచ్చేదో, ఇప్పుడు ఆ కోర్టు కాగితాలు ఎక్కడున్నాయో తేల్చుకోవాలి. మా ఊరు అప్పుడూ నల్లగొండే, ఇప్పుడూ నల్లగొండే. ఆ చిక్కు మాకు రాలేదు.

బడికి సెలవులు కదా అని మే నెలలోనే కోర్టుకు వెళ్ళాను. మే నెలలో సివిల్ కోర్టులకు కూడా వేసవి సెలవులుంటాయన్న సంగతి నాకు తట్టలేదు. ఆవరణ బోసిగా ఉంది. వేపచెట్టు కింద ఒకతను పలకరించి, పని ఏమిటో అడిగి తెలుసుకుని, ఐదువేలిస్తే నకలు ఇంటికి తెచ్చిస్తానన్నాడు. నంబరు లేకుండా ఎలా తెస్తావు అని అడిగితే "అదంతా మీకెందుకు మేడం" అన్నాడు. ఆ మాటతో నాకు భయం వేసింది. కోర్టు కాగితం మీద దొంగదారి నీడ పడితే రేపు అన్న ముందు అది దేనికి పనికొస్తుంది? వెనక్కి వచ్చేశాను.

జూన్‌లో బడి తెరిచాక ఒక పూట సెలవు పెట్టి మళ్ళీ వెళ్ళాను. ఈసారి నేరుగా జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్ళాను. ఇది తెలియని ఆడవాళ్ళు చాలామంది ఉంటారు కాబట్టి వివరంగా రాస్తున్నాను. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం పన్నెండో సెక్షను ప్రకారం స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. టీచరు ఉద్యోగం ఉంది కదా, నాకు ఇస్తారా అని సందేహిస్తూ వెళ్ళాను. ఇచ్చారు. ఒక దరఖాస్తు, ఆధార్ నకలు, ఎందుకు కావాలో నాలుగు వాక్యాలు, అంతే. వెళ్ళలేనివాళ్ళు 15100 నంబరుకు ఫోను చేసి కూడా అడగవచ్చు. నాకు కేటాయించిన వకీలు నాకంటే పదిహేనేళ్ళు చిన్నది. కమిషనర్ నోటీసును వెలుతురుకు పెట్టి చూసి, "ఇది చాలు మేడం, ఇది ఉంటే దొరుకుతుంది" అంది. ఆ 'చాలు' అన్న మాట నాకెంత బలమిచ్చిందో చెప్పలేను.

మా సహోద్యోగి ఒకాయన సమాచార హక్కు చట్టం కింద అడగమని సలహా ఇచ్చారు. ఆ సంగతి వకీలుతో అన్నాను. కోర్టు కాగితాల నకళ్ళకు ఆ దారి లేదని ఆమె చెప్పింది. గుజరాత్ హైకోర్టుకు సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు 2020 మార్చిలో తీర్పిచ్చింది: కేసు కాగితాల నకళ్ళు కావాలంటే ఆ హైకోర్టు నియమాల ప్రకారమే దరఖాస్తు చేసుకోవాలి, సమాచార హక్కు కింద కాదు. దావాలో కక్షిదారు కానివాళ్ళు కూడా అడగవచ్చు, కానీ ఎందుకు కావాలో ప్రమాణపత్రంలో చెప్పాలి. నేను కక్షిదారును కాను, కక్షిదారు కూతురిని. కాబట్టి నాన్న మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఇచ్చిన కుటుంబ సభ్యుల ధ్రువపత్రం జతచేసి, నేను ఫలానా వాది వారసురాలిని, బాట హక్కు కాపాడుకోవడానికి ఈ నకలు అవసరం అని ప్రమాణపత్రం రాయించాను. టైపు చేసిన దుకాణంలో 1984కు బదులు 1994 అని పడింది. సంతకం పెట్టే ముందు నేను చూసుకోలేదు, వకీలు చూసింది. మళ్ళీ టైపు, మళ్ళీ నోటరీ. ఆ ఒక్క అంకె అలాగే లోపలికి వెళ్ళి ఉంటే పదేళ్ళ తర్వాతి రిజిస్టరు తీసి లేదని రాసి పంపేవారు. మేము ఆ జవాబే నిజమనుకునేవాళ్ళం. ఈ మొత్తం వ్యవహారంలో నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరించేది ఆ అంకె తలచుకున్నప్పుడే.

నంబరు పూర్తిగా తెలియదు కాబట్టి ముందు రిజిస్టరులో వెతకమని దరఖాస్తు పెట్టాం. కోర్టులో దాఖలైన ప్రతి దావా ఆ ఏటి దావాల రిజిస్టరుకు ఎక్కుతుంది: నంబరు, వాది, ప్రతివాది, ఏం కోరారు, ఏమైంది, ఏ రోజున తేలింది. దావా ముగిశాక కట్ట రికార్డు రూముకు వెళుతుంది. అక్కడ కూడా అన్నీ కలకాలం ఉండవు. ఏ కాగితం ఎన్నేళ్ళు ఉంచాలో నియమాలున్నాయి, 1917 నాటి రికార్డుల విధ్వంస చట్టం ఉంది. సాక్ష్యాలు, వాయిదా కాగితాలు పోయి ఉండవచ్చుననీ, తీర్పు, డిక్రీ దొరుకుతాయన్న ఆశ ఉందనీ వకీలు ముందే చెప్పింది. రికార్డు రూములోకి మమ్మల్ని రానివ్వరు, రానివ్వకూడదు కూడా. గుమ్మం దగ్గర నిలబడి చూశాను. ఎర్ర గుడ్డలో కట్టిన మూటలు కప్పు దాకా పేర్చి ఉన్నాయి. ఒక్కో మూటలో ఎన్ని ఇళ్ళ కోపాలు ఉన్నాయో అనిపించింది.

ఎదురుచూస్తుండగా బల్ల మీద నా పక్కన ఒక ముసలాయన కూర్చున్నాడు. చేతిలో ఉర్దూ కాగితం. దాని మీద ఫస్లీ 1350 అని ఉందట, ఫస్లీ అంటే పాత రెవెన్యూ సంవత్సరాల లెక్క. ఫస్లీకి 590 కలిపితే మన లెక్క వస్తుంది, అంటే 1940 ప్రాంతం, నిజాం రోజులు. అప్పుడు ఇక్కడి కోర్టుల భాష ఉర్దూ. తాతల నాటి మిస్లు, అంటే కేసు కట్ట కోసం తిరుగుతున్నానని, చదివి చెప్పేవాళ్ళు కూడా ఇప్పుడు దొరకడం లేదని అన్నాడు. అంత పాత కాగితాలు కొన్ని హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర పురాభిలేఖాగారంలో ఉంటాయని ఎక్కడో చదివిన గుర్తుతో చెప్పాను. ఒక చీటీ మీద రాసిచ్చాను. ఆయన వెళ్ళాడో లేదో నాకు తెలియదు.

వారం తిరిగేసరికి వకీలు ఫోను చేసింది. మధ్య అంకె 4. వాది మా నాన్న, ప్రతివాది మా పెద్దనాన్న. 1987లో తేలింది. రిజిస్టరులో నాన్న పేరు నేను ఫోనులో ఒక్కసారి కూడా కొట్టని వర్ణక్రమంలో ఉంది.

నంబరు దొరికాక నకలు దరఖాస్తు వేశాం. దానికి సి.ఎ. నంబరు, అంటే నకలు దరఖాస్తు నంబరు ఇస్తారు. కోర్టు ఫీజు స్టాంపు అంటించాలి, ఏ కాగితం నకలు కావాలో స్పష్టంగా రాయాలి. తర్వాత ఎన్ని పేజీలకు ఎంత కట్టాలో లెక్కచూసి నోటీసు బోర్డు మీద పెడతారు. అది చూసుకుని గడువులోగా కట్టాలి. కట్టకపోతే దరఖాస్తు కొట్టివేస్తారు. నేను రోజూ బడి వదిలాక బస్సెక్కి వెళ్ళి ఆ బోర్డు చూసి వచ్చేదాన్ని. కొందరు నెలల తరబడి తిరిగామని చెబుతారు. వాళ్ళ కాగితాల సంగతి వేరు కావచ్చు. మా విషయంలో ఆ బోర్డును క్రమంగా చూడడమే పనికొచ్చింది. ఖర్చు మాత్రం నేను భయపడినంత లేదు. వేపచెట్టు కింద మనిషి అడిగినదానిలో చిన్న భాగం కూడా కాలేదు.

మొదటి నకలు చేతికొచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. కవరు తీస్తే ఒక్క పేజీ. తీర్పు అంటే పదిహేను, ఇరవై పేజీలు ఉంటుందనీ, ఎవరు ఏం సాక్ష్యం చెప్పారో, ఎందుకు ఎవరిని నమ్మారో జడ్జి రాసి ఉంటారనీ ఊహించుకున్నాను. అందులో నాలుగే వాక్యాలున్నాయి. ఇరుపక్షాలూ హాజరయ్యారు, రాజీ దరఖాస్తు దాఖలు చేశారు, దాన్ని తెలుగులో చదివి వినిపించగా నిజమని ఒప్పుకున్నారు, రాజీ షరతుల ప్రకారం దావా డిక్రీ అయింది. ఆ దరఖాస్తు డిక్రీలో భాగంగా ఉంటుంది.

నేను ఆ మెట్ల మీదే కూర్చుండిపోయాను. రాజీ. నాన్న గెలవలేదు. అన్న అన్నదే నిజమా? వకీలు నా చేతిలోని కాగితం తీసుకుని చదివి, నేను చేసిన పొరపాటు చెప్పింది. నేను పట్టుబట్టి 'తీర్పు' నకలు మాత్రమే అడిగాను. తీర్పు వేరు, డిక్రీ వేరు. తీర్పులో కారణాలుంటాయి, డిక్రీలో ఎవరికి ఏం దక్కిందో ఉంటుంది. రాజీ అయిన దావాలో సరుకంతా డిక్రీలోనే ఉంటుంది, దానికి జతచేసిన రాజీ దరఖాస్తులో, నక్షాలో ఉంటుంది. మళ్ళీ దరఖాస్తు, మళ్ళీ స్టాంపు, మళ్ళీ బోర్డు. ఈసారి 'డిక్రీ, దానికి జతపరచిన రాజీ దరఖాస్తు, నక్షాతో సహా' అని రాశాం. మూడు ప్రతులు అడిగాం. మధ్యలో గడిచిన పదకొండు రోజులు నేను అమ్మతో ఏమీ చెప్పలేదు. చెప్పే ధైర్యం లేకపోయింది.

రెండో నకలు ఆరు పేజీలు. ప్రతి పేజీ మీద కోర్టు ముద్ర, చివర నిజప్రతి అని ధ్రువీకరణ. దాని వెనుక వరుసగా తేదీలు: దరఖాస్తు ఇచ్చిన రోజు, రుసుము కట్టమన్న రోజు, కట్టిన రోజు, నకలు సిద్ధమైన రోజు, ఇచ్చిన రోజు. అప్పీలుకు వెళ్ళేవాళ్ళకు ఈ తేదీలు ప్రాణంతో సమానం. నకలు కోసం పట్టిన కాలాన్ని అప్పీలు గడువు నుంచి మినహాయిస్తారు, లిమిటేషన్ చట్టం పన్నెండో సెక్షను. మాకు ఆ అవసరం లేదు. ధ్రువీకరించిన నకలు ఉంటే అసలు కాగితాన్ని రప్పించకుండానే దాన్ని సాక్ష్యంగా చూపించవచ్చు. ఇదివరకు ఎవిడెన్స్ చట్టంలో ఉన్న ఈ సంగతి 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమంలో ఉంది.

ఇక రాజీ దరఖాస్తు. ఇంటికి వెళ్ళేదాకా ఆగలేక బస్టాండులోనే చదివాను. నాలుగు షరతులు. డాంబరు రోడ్డు నుంచి వాది పొలం దాకా ప్రతివాది పొలం పడమటి గట్టు వెంట పన్నెండు అడుగుల వెడల్పున బండ్ల బాట ఉంటుంది. దాన్ని ప్రతివాది గానీ, అతని వారసులు గానీ, అతని వద్ద కొన్నవారు గానీ ఎన్నడూ అడ్డగించరాదు. బావి నీళ్ళు చెరి మూడు రోజులు వంతు. హద్దు మీది చింతచెట్టు పూర్తిగా ప్రతివాదిది, వాదికి దాని మీద ఏ హక్కూ లేదు. ఎవరి ఖర్చులు వారివే. కింద నాన్న తెలుగు సంతకం, గుండ్రంగా, ఒత్తి రాసినది. దాని పక్కన పెద్దనాన్న వేలిముద్ర.

చింతచెట్టు దగ్గర నేను ఆగిపోయాను. ఆ చెట్టు సగం కొమ్మలు మా తోట వైపే వాలి ఉండేవి. చిన్నప్పుడు కింద రాలిన చింతకాయ ఒక్కటి ఏరితే నాన్న గట్టిగా కేకలేసేవాడు. "అది మనది కాదు, అక్కడే పెట్టు" అనేవాడు. మా గట్టు మీద అంత చెట్టు ఉండగా చింతపండు నల్లగొండ అంగట్లో ఎందుకు కొంటామో నాకు ఎన్నడూ అర్థం కాలేదు. పెద్దనాన్న మీద పంతంతో అనుకునేదాన్ని.

ఆ రాత్రి అమ్మకు మొత్తం తెలుగులో చదివి వినిపించాను. బాట దగ్గర తలూపింది. బావి దగ్గర "ఆ బావి ఎండి ఇరవై ఏళ్ళాయె" అంది. చెట్టు దగ్గర చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది: ఆ చెట్టును తాత పోతూ పోతూ నాన్నకే ఇచ్చాడట. బాట కోసం నాన్న ఆ చెట్టు వదులుకుని, ఇంటికి వచ్చి "గెలిచాం" అన్నాడట. పెద్దనాన్న వైపు చూస్తే తన పొలంలో పన్నెండు అడుగులు వదిలింది ఆయనే. అన్న విన్న మాటలోనూ అబద్ధం లేదు.

ఇన్నేళ్ళ తర్వాత ఆ డిక్రీ చెల్లుతుందా అని వకీలును అడిగాను. మామూలు డిక్రీలను అమలు చేయించుకోవడానికి పన్నెండేళ్ళ గడువు. కానీ శాశ్వత నిషేధాజ్ఞ, అంటే ఫలానా పని ఎన్నడూ చేయరాదన్న ఆజ్ఞ ఇచ్చిన డిక్రీ అమలుకు కాలపరిమితి లేదని లిమిటేషన్ చట్టం 136వ అధికరణమే చెబుతుంది. మాది అటువంటిదే. అవసరమైతే అమలు దరఖాస్తు వేద్దామంది. ముందు అన్నకు చూపిస్తానన్నాను.

ఆదివారం పొద్దున అమ్మను తీసుకుని అన్న ఇంటికి వెళ్ళాను. నకలు ఆయన చేతికే ఇచ్చాను. అన్న ఇంగ్లీషు తడుముకుంటూ చదివాడు, నేను మధ్యమధ్య సాయం చేశాను. వేలిముద్ర దగ్గరకు వచ్చి, "ఇది నాన్నదేనా?" అని అడిగాడు. పక్కన రాసి ఉన్న పేరు చూపించాను. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. నక్షాను అమ్మ అడిగి తీసుకుని తలకిందులుగా తిప్పింది. మా ఇంటి నుంచి వెళితే పొలం అలాగే కనబడుతుందట. గట్టు మీద గీసిన గీత వెంట వేలు పెట్టి రోడ్డు నుంచి తోట దాకా నడిపించింది. వదిన అప్పుడే టీ తెచ్చింది.

"ఈ నకలు నాకు ఇస్తావా?" అన్నాడు అన్న.

"నీ కోసమే మూడోది తీయించాను."

కొనేవాళ్ళతో రాసుకున్న అగ్రిమెంటును ఆ వారంలోనే మార్చారు. హద్దుల కింద కొత్తగా ఒక వాక్యం చేరింది: పడమటి గట్టు వెంట పన్నెండు అడుగుల బండ్ల బాట 1984 నాటి దావాలోని రాజీ డిక్రీ ప్రకారం ఉన్నది, దానికి కొనుగోలుదారు ఒప్పుకున్నాడు. కడీలు ఆ పన్నెండు అడుగులు వదిలి పాతారు.